ముందు మగవాడి పరీక్ష

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. ఆఫీసులో ఉన్నాను, సాయంత్రం మాట్లాడతానని చెప్పబోయి, వాడి గొంతు విని లేచి బయటికి వచ్చాను. కూకట్‌పల్లిలో ఒక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మాట్లాడుతున్నాడు.

"అన్నా, రిపోర్ట్ ఇచ్చిండ్రు. నిల్ అని రాసిండ్రు. నిల్ అంటే ఒక్కటి కూడా లేదన్నట్టా?"

అవును, వీర్యంలో శుక్రకణం ఒక్కటి కూడా లేదనే అన్నాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడు అడిగిన మాట వల్లే ఇదంతా రాస్తున్నాను. "మరి రెండేండ్ల సంది ఆమెకెందుకు చేసిండ్రన్నా అన్ని టెస్టులు?"

ఆ అమ్మాయికి ఏమేం చేశారో నాకు తెలుసు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా మా ఆవిడతో చెప్పుకునేది. థైరాయిడ్, ప్రొలాక్టిన్, అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్, ఇలా హార్మోన్ల రక్తపరీక్షలు. అండం ఎదుగుతోందో లేదో చూడటానికి నెలకు నాలుగైదు స్కాన్లు, ప్రతిసారీ ఆఫీసులో పర్మిషన్ అడుక్కోవడం. గర్భసంచిలోకి మందు ఎక్కించి ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే. ఆ రోజు నొప్పికి బల్ల అంచు పట్టుకుని ఏడ్చిందట. మొన్న ఎండాకాలంలో ల్యాపరోస్కోపీ, పూర్తి మత్తు ఇచ్చి, పొట్ట మీద మూడు గాట్లు పెట్టి, కెమెరాతో లోపల చూడటం. అన్నిట్లోనూ నార్మల్. ఇన్ని అయ్యాక, ఇక చేయడానికి ఏమీ మిగలక, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి మావాడి చేతికిచ్చారు. ఆ పరీక్షకు సూది లేదు, కోత లేదు, మత్తు లేదు. ఖర్చు కొన్ని వందల రూపాయలు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లల కోసం ఆసుపత్రికి వెళ్లిన ఏ జంటలోనైనా, ఆవిడకు మామూలు రక్తపరీక్ష దాటి ఇంకేం చేయాలన్నా, అప్పటికే ఆయన వీర్య పరీక్ష రిపోర్ట్ డాక్టర్ బల్ల మీద ఉండాలి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఐదింట ఒక వంతు మందిలో కారణం పూర్తిగా అతని వైపే ఉంటుంది. ఇది వైద్యులందరికీ తెలిసిన సంగతే. అయినా వరస మాత్రం మారదు.

మాటల్లోనే ఉంది

ఈ వరస ఆసుపత్రిలో మొదలు కాలేదనిపిస్తుంది. మన భాషలో గొడ్రాలు అనే మాట ఉంది. దానికి జతగా మగవాడిని అనే మాట ఏదైనా మీ అమ్మమ్మ నోట విన్నారా? నేను వినలేదు. "విశేషం ఏమైనా ఉందా?" అని పెళ్లిళ్లలో, బతుకమ్మ దగ్గర, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో అడిగేది ఆమెనే. ఆయన్ని అడిగితే అది "ఏంరా, ఇంకెప్పుడు?" అనే సరదా మాట. దశరథుడికి ముగ్గురు భార్యలున్నా పిల్లల్లేరు. యాగం చేసింది ఆయనే, కానీ పాయసం తాగింది రాణులు.

మగవాడి సంగతి వచ్చేసరికి ఇంకో చిక్కు. వీర్యం అన్న మాటకు పరాక్రమం అని కూడా అర్థం. నిర్వీర్యం అంటే చచ్చుబడిపోవడం. దాంతో కౌంట్, అంటే శుక్రకణాల లెక్క, తక్కువ అని వినగానే మగవాడికి వినిపించేది వేరే మాట. నిజానికి ఆ రెంటికీ సంబంధం లేదు. బయటికి వచ్చే ద్రవంలో శుక్రకణాల వాటా చాలా కొద్ది. మిగతాదంతా వేరే గ్రంథుల నుంచి వస్తుంది. అందుకే వేసెక్టమీ, అంటే మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్, చేయించుకున్నవాళ్లకు కంటికి కనిపించే తేడా ఏమీ ఉండదు. కణం ఒక్కటి కూడా లేనివాడి దాంపత్యం మామూలుగానే ఉండొచ్చు. దాంపత్యంలో ఇబ్బంది ఉన్నవాడి కౌంట్ నిక్షేపంగా ఉండొచ్చు. సికింద్రాబాద్ వైపు రైలు పట్టాల పక్క గోడల మీద చిన్నప్పటి నుంచి చూస్తున్న "పురుష బలహీనత" ప్రకటనలు ఈ రెంటినీ కలిపేసి మన బుర్రల్లో పెట్టాయి.

నా సంగతి

ఇదంతా బయట నిలబడి చెప్పడం లేదు. ఏడేళ్ల కిందట మేమూ ఇదే దారిలో నడిచాం. మా ఆవిడకు పద్నాలుగు నెలలు పరీక్షలు జరిగాయి. ఒకసారి ఆమె, "నువ్వు కూడా చేయించుకోరాదూ?" అంటే మా అమ్మ వంటింట్లోంచి, "మా వోనికేమైంది? మనింట్ల ఎవ్వలికీ అట్లాంటిది లేదు" అంది. నేను ఏమీ అనలేదు. అమ్మ అలా అనడం ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. అది ఒప్పుకోకుండా ఈ విషయం రాయలేను.

చివరికి వెళ్లాను. ఆ ఆసుపత్రి పేరు అవసరం లేదు. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి నిండు హాల్లో "సెమెన్ అనాలిసిస్ ఎవరండీ?" అని కేకేశాడు. శాంపిల్ ఇచ్చే గదికి గడియ సరిగా పడదు. బయట ఎవరో రెండుసార్లు తలుపు తట్టారు. రిపోర్ట్ సాయంత్రం వచ్చింది. మిల్లీలీటరుకు 6 మిలియన్లు, అంటే 60 లక్షలు. కదలిక 18 శాతం. ఆకారం సరిగా ఉన్నవి 2 శాతం.

ఆ కాగితాన్ని ఆఫీసు డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాను. పదకొండు రోజులు ఇంట్లో చెప్పలేదు. ఆ పదకొండు రోజుల్లో మా ఆవిడ అండాలు పెరగడానికి రెండు ఇంజక్షన్లు చేయించుకుంది. రెండోసారి నేనే బండి మీద తీసుకెళ్లాను. దారి పొడుగునా చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. ఈ ఏడేళ్లలో ఆమె దాన్ని ఎప్పుడూ ఎత్తిచూపలేదు. నేను మాత్రం మరచిపోలేదు.

తర్వాత మగవాళ్ల సంతాన సమస్యలు చూసే డాక్టర్, ఒక యాండ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్ట్ చూడక ముందే అడిగిన ప్రశ్న, "గత మూడు నెలల్లో జ్వరం ఏమైనా వచ్చిందా?" సెప్టెంబరులో డెంగీ వచ్చింది. ఐదు రోజులు ఒళ్లు కాలిపోయింది. పరీక్ష జరిగింది నవంబరులో. ఆయన కాగితం మీద గీత గీసి చూపించాడు. ఒక శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత బయటికి వచ్చే దారిలో ఎదగడానికి మరికొన్ని రోజులు. అంటే ఇవాళ డబ్బాలో పడ్డది దాదాపు మూడు నెలల కిందటి మన ఒంటి సంగతి చెబుతుంది. పెద్ద జ్వరం, బాగా తాగిన రోజులు, ఏదో మందు కోర్సు, అన్నీ ఆలస్యంగా బయటపడతాయి. అందుకే ఒక్క రిపోర్ట్‌తో తీర్పు ఇవ్వకూడదు. ఫిబ్రవరిలో మళ్లీ చేయిస్తే కౌంట్ 19 వచ్చింది, కదలిక 34.

ఎడమ వైపు వేరికోసిల్ కూడా బయటపడింది. వృషణం దగ్గర సిరలు ఉబ్బి, అక్కడ వేడి పెరగడం. మామూలు మగవాళ్లలోనే నూటికి పదిహేను మందికి ఉంటుంది. పిల్లలు కలగక వచ్చినవాళ్లలో నూటికి 35 నుంచి 40 మందికి. చిన్న ఆపరేషన్ చేశారు. సిగరెట్ మానేశాను. ఆరు కిలోలు తగ్గాను. ఇప్పుడు మాకు నాలుగేళ్ల పాప. ఆపరేషన్ వల్లా, సిగరెట్ మానడం వల్లా, ఊరికే కాలం గడవడం వల్లా అని ఎవరైనా అడిగితే చెప్పలేను. "నేను ఫలానాది తిన్నాను, కౌంట్ పెరిగింది" అని వాట్సాప్‌లో చెప్పేవాళ్లను నమ్మకపోవడానికి కారణం ఇదే. మూడు నెలలు ఆగితే జ్వరం దెబ్బ దానంతటదే సర్దుకుంటుంది. పేరు మాత్రం ఆ మూడు నెలలూ తిన్న పొడికి వస్తుంది.

ఆ అంకెలు ఏం చెబుతాయి

ఆ రిపోర్ట్‌ను మనం పదో తరగతి మార్కుల మెమోలా చదువుతాం. పక్కన అచ్చు వేసిన అంకె కంటే తక్కువైతే ఫెయిల్. వీర్య పరీక్ష మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకానికి 2021లో వచ్చిన ఆరో కూర్పు ప్రకారం ఆ అంకెలు ఇవి: మిల్లీలీటరుకు 16 మిలియన్లు, మొత్తం కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్ల నమూనాలు తీసుకుని, వాళ్లను వరసగా నిలబెడితే, అడుగు నుంచి ఐదు శాతం దగ్గర పడ్డ గీత అది. అంటే తండ్రులైనవాళ్లలోనే నూటికి ఐదుగురు ఆ గీత కింద ఉన్నారు. కింద ఉంటే పిల్లలు పుట్టరని కాదు, పైన ఉంటే తప్పకుండా పుడతారనీ కాదు. ఆకారం 4 శాతం అని చూసి "మిగతా 96 వంకరవేనా" అని రాత్రంతా నిద్రపోని స్నేహితుడు నాకున్నాడు. అవును, ఆరోగ్యవంతుల్లోనూ ఎక్కువ భాగం అలాగే ఉంటాయి.

అట్లా అని అంకెకు విలువే లేదనడం కూడా తప్పే. 1998లో డెన్మార్క్ జంటల మీద వచ్చిన అధ్యయనంలో కౌంట్ 40 మిలియన్ల దాకా పెరిగేకొద్దీ గర్భం వచ్చే అవకాశం పెరిగింది. ఆ పైన ఎంత పెరిగినా తేడా లేదు. కాబట్టి తొంభై ఉన్నవాడు నలభై ఐదు ఉన్నవాడి కంటే గొప్ప ఏమీ కాదు.

పొయ్యి దగ్గర నిలబడేవాడు

ఆ యాండ్రాలజిస్ట్ వరండాలో నా పక్కన కూర్చున్నతను నాంపల్లి వైపు ఒక హోటల్లో తందూరీ రోటీలు కాలుస్తాడు. రోజుకు పది గంటలు భట్టీ ముందు. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని సరిగా జరుగుతుంది. ఒంటి బయట వేలాడేలా ఉండటానికి కారణమే అది. వేరే పని చూసుకుంటే మంచిదని డాక్టర్ చెప్పాడట. అతను బయటికి వచ్చి నాతో, "పని మారుస్త సార్, ఆ జీతం ఎవరిస్తరు?" అన్నాడు. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకోవద్దని మాదాపూర్‌లో ఉద్యోగం చేసేవాడికి చెప్పడం తేలిక. గంటసేపు అలా పెట్టుకుంటే అక్కడి వేడి రెండున్నర డిగ్రీలకు పైగా పెరుగుతుందని 2005లోనే కొలిచి చూశారు. బల్ల మీద పెట్టుకుంటే సరిపోతుంది. బాలానగర్‌లో వెల్డింగ్ చేసేవాడికి, మే నెల ఎండలో ఇంజన్ పక్కన కూర్చుని ఆటో నడిపేవాడికి ఏ బల్ల ఉంది? "జీవనశైలి" అన్న మాట వింటే అందుకే నాకు కోపం వస్తుంది. చాలామందికి అది ఎంచుకున్న శైలి కాదు, చేతికొచ్చిన బతుకు. పైగా భట్టీ ముందు నిలబడే వేలమందికి పిల్లలున్నారు. వేడి అవకాశాన్ని తగ్గిస్తుంది, అంతేగాని తలరాత రాయదు.

మిగతా కారణాలు చాలావరకు విన్నవే. పొగాకు, గుట్కా, అతిగా మద్యం. బొజ్జ కూడా ఊరికే కూర్చోదు, ఆ కొవ్వు మగ హార్మోన్‌ను ఆడ హార్మోన్‌గా మారుస్తుంది. ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్ వల్ల నరాలు దెబ్బతిని వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోవచ్చు. వయసు వచ్చాక గవదబిళ్లలు సోకితే వృషణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మగపిల్లవాడికి వృషణం కిందికి దిగకపోతే ఏడాదిన్నర లోపే ఆపరేషన్ చేయించాలి. "పెద్దయితే అదే దిగుతుంది" అని ఊరుకోకండి, ఇది తల్లిదండ్రులందరికీ చెబుతున్నాను. ఇక అలవాట్లతో సంబంధం లేనివీ ఉన్నాయి. వై క్రోమోజోములో కొన్ని ముక్కలు లోపించడం వల్ల కణాలు తయారు కానివాళ్ల మీద మన ఉప్పల్ రోడ్డులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చాలాకాలంగా పనిచేస్తున్నారు. అలాంటివాడికి సిగరెట్ గురించి ఉపన్యాసం ఇచ్చి ఏం లాభం? అతను చేసిన తప్పేమీ లేదు.

మా తమ్ముడి కారణం మాత్రం జిమ్‌లో దొరికింది. పెళ్లైన ఏడాదికి చేరాడు. ఆరు నెలలకు షర్టులు పట్టలేదు, చిన్నమ్మ చూసి మురిసిపోయింది. ట్రైనర్ "సైకిల్" అని చెప్పి మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు ఇచ్చాడు. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు ఏమనుకుంటుందంటే, సరుకు నిండుగా ఉంది, ఇక పని అక్కర్లేదని. పని చేయమని వృషణాలకు పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను ఆపేస్తుంది. లోపలి తయారీ ఆగిపోతుంది. కండ పెరుగుతుంది, కణాలు పోతాయి. మావాడి రక్తపరీక్షలో ఆ రెండూ అడుగంటి ఉన్నాయి. ఊళ్లో అందరూ మగతనం చూసి మెచ్చుకున్న రోజుల్లోనే వాడి కౌంట్ సున్నాకు చేరింది. వాడు చదువుకున్నవాడే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ రెండేళ్లలో ఏ డాక్టరూ వాణ్ని "ఏమైనా ఇంజక్షన్లు తీసుకుంటున్నావా?" అని అడగలేదు. అసలు వాణ్ని ఏమీ అడగలేదు. అది నిలిపేస్తే ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో తిరిగి మొదలవుతుంది, కొందరికి రెండేళ్లూ పడుతుంది. ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే ఆ అమ్మాయి పొట్ట మీద గాట్లు ఉండేవి కావు.

లోకమంతా సగానికి పడిపోయిందా?

"మగవాళ్ల కౌంట్ సగమైంది" అనే వార్తలు మీరూ చదివే ఉంటారు. 1992లో డెన్మార్క్ పరిశోధకులు మొదట ఆ మాటన్నారు. 2017లో, 2022లో వచ్చిన పెద్ద సమీక్షలు మళ్లీ అన్నాయి. 1973 నుంచి 2018 లోపల సగానికి పైగా తగ్గిందన్నది చివరిదాని లెక్క. కొట్టిపారేయడానికి లేదు. కానీ యాభై ఏళ్ల కిందట లెక్కపెట్టిన పద్ధతి, ఇప్పటి పద్ధతి ఒకటి కాదు. డబ్బాలో శాంపిల్ ఇవ్వడానికి ఒప్పుకునే మగవాళ్లు ఎలాంటివాళ్లన్నదీ దేశదేశానికీ మారుతుంది. ఈ వాదన నిపుణుల మధ్యే తేలలేదు. తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు 1.8కి దిగారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబితే, దాన్ని కూడా కౌంట్‌కు ముడిపెట్టేవాళ్లున్నారు. అది ప్రధానంగా జనం కావాలని ఒకరిద్దరితో ఆగిపోవడం.

ఈ భయం వల్ల బాగుపడేది పొడులు, క్యాప్సూళ్లు అమ్మేవాళ్లు. అమెరికాలో 2,370 జంటల మీద జింక్, ఫోలిక్ యాసిడ్ పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. వీర్యమూ మెరుగుపడలేదు, పుట్టిన పిల్లల సంఖ్యా పెరగలేదు. మా తమ్ముడికి మెడికల్ షాపులో నెలకు సరిపడా ఇచ్చిన డబ్బా మీద మొదటి రెండు పేర్లూ అవే.

నన్ను ఆపిన రెండు మాటలు

ఈ అభిప్రాయం మా ఫ్యామిలీ డాక్టరమ్మతో అంటే ఆమె కాదనలేదు. కానీ ఒక మాట చెప్పింది. "మీ ఆయన్ని తీసుకురా అని మొదటి రోజే అంటే సగం మంది మళ్లీ రారు. అత్తగారు ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తుంది. అక్కడ స్కాన్ చేసేస్తారు. నా దగ్గరుంటే కనీసం అనవసరమైన ఆపరేషన్ చేయను." దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. పిల్లల సమస్యతో ఏ జంట పేరు నమోదు చేసినా ఇద్దరి పేరా ఒకే చీటీ రాయాలని, ఆయన రిపోర్ట్ లేకుండా ల్యాపరోస్కోపీకి ఎవరూ ఒప్పుకోకూడదని ఒక నియమం అన్ని ఆసుపత్రుల్లో ఉంటే తప్ప ఒక్క డాక్టరు వల్ల అయ్యేది కాదు. అందరూ అడిగితే అత్తగారు ఎక్కడికి తీసుకెళ్తుంది?

రెండో మాట మా ఆవిడది. "మీ టెస్ట్ ముందు చేస్తే, రేపు మీలో తేలితే, మమ్మల్ని అన్నట్టే మిమ్మల్నీ అంటారు. నింద సగం సగం పంచుకోవడమేనా నువ్వు అడిగేది?" చాలా రోజులు దీని మీద ఆలోచించాను. మా తమ్ముడి రిపోర్ట్ వచ్చిన రాత్రి చిన్నమ్మ అన్నం తినలేదట. మర్నాడు కోడలి తలకు నూనె రాసి, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కూర్చుందట. అది క్షమాపణో, దుఃఖమో ఆ అమ్మాయికి కూడా తెలియలేదు. మావాణ్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. మగవాడి విషయం బయటపడినప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా అయిపోతుంది, ఆడదాని విషయంలో ఇల్లంతా మాట్లాడుతుంది. అందుకే మా ఆవిడ భయం సగమే నిజమనుకుంటాను. మాకు వచ్చేది నింద కాదు, మౌనం. అదీ మంచిది కాదు.

1977లో కాలిఫోర్నియాలోని లాథ్రోప్ అనే ఊళ్లో పురుగుమందుల ఫ్యాక్టరీ కార్మికులు కొందరు తమలో తాము మాట్లాడుకుంటుండగా తేలింది, వాళ్లలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని. ఒక్కొక్కడూ తన ఇంటి సమస్యే అనుకున్నాడు. పరీక్షలు చేస్తే కౌంట్లు పడిపోయి ఉన్నాయి, కొందరిలో సున్నా. నేలలో పురుగుల్ని చంపడానికి వాళ్లు తయారుచేసే డీబీసీపీ అనే రసాయనం దానికి కారణం. ఆ మగవాళ్లు ఒకరితో ఒకరు నోరు విప్పకపోతే ఆ మందు ఇంకెన్నాళ్లు సాగేదో. వరంగల్ వైపు పత్తి చేలల్లో మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా మందు కొట్టే మా బంధువుల్ని చూసినప్పుడల్లా నాకు ఆ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది.

మా తమ్ముడు ఇంజక్షన్లు మానేసి ఆరు వారాలైంది. మళ్లీ పరీక్ష ఇంకో ఆరు వారాలకు. భార్యకు స్కాన్లు అన్నీ ఆపించాడు. తన రిపోర్ట్ సంగతి జిమ్‌లో నలుగురి ముందు తానే చెప్పాడట. నా నంబర్ కూడా ఇచ్చినట్టున్నాడు. పోయిన ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఎవరో ఫోన్ చేశారు. పేరు చెప్పలేదు. పెళ్లై మూడేళ్లన్నాడు, ఇంట్లో తెలియదన్నాడు. కాసేపు ఆగి, "శాంపిల్ ఇచ్చే ముందు ఎన్ని రోజులు ఆగాలన్నా?" అని అడిగాడు. రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా అని చెప్పాను.